భాకరాపేట వెదురు, రాజమండ్రి కాగితం

మా మామ రాజమండ్రి కాగితపు మిల్లులో పనిచేసేవాడు. అమ్మకు తమ్ముడు. తిరుపతిలో కెమిస్ట్రీతో డిగ్రీ పూర్తిచేసి, దగ్గర్లో ఉద్యోగం దొరక్క గోదావరి ఒడ్డుకు వెళ్లాడు. ఆయన ఉత్తరాలు అందరివిలా నీలం ఇన్‌లాండు మీద వచ్చేవి కావు. మందపాటి తెల్ల కాగితం, నాలుగైదు ఠావులు, రెండు వైపులా రాసి ఉండేవి. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరికీ వాటిని చదివి వినిపించే పని నాది. "ఈ కాగితం మొన్నటిదాకా వెదురు" అని ఒక ఉత్తరం మొదట్లోనే రాశాడు. నేను చదవడం ఆపి కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూశాను. వెదురంటే మాకు తెలియనిదా? అందులో ఇంత మెత్తనిది ఎక్కడుంది?

నాయన భాకరాపేటలో పోస్టుమాస్టరు. తిరుపతి నుంచి పీలేరు వెళ్లే దారిలో, చంద్రగిరి దాటి కనుమ ఎక్కి దిగితే మా ఊరు. ఇప్పుడు శేషాచలం అనగానే అందరూ ఎర్రచందనం మాటే ఎత్తుతారు. మా చిన్నతనంలో ఆ కొండల నుంచి ఇంటింటికీ వచ్చింది వెదురు. పందిరి గుంజ, నిచ్చెన, ఎడ్లబండి మీద కట్టే తడిక, చేట, జల్లెడ, కోళ్ల గంప, పెళ్లికి మోసే బుట్టలు, చివరికి పాడె కూడా వెదురుతోనే. దామలచెరువు మామిడి మండీకి పోయే కాయలన్నీ వెదురు గంపల్లోనే పోయేవి. మదనపల్లె టమాటాలూ అంతే. ప్లాస్టిక్ క్రేట్లు ఇంకా పుట్టలేదు.

మా వైపు రెండు రకాల వెదురు ఉండేది. వంకల పక్కన, తేమ ఉన్నచోట ముళ్ల వెదురు. లావుగా, లోపల డొల్లగా పెరుగుతుంది. మొదలు చుట్టూ ముళ్లకొమ్మలు అల్లుకుపోయి మనిషి చెయ్యి దూరనివ్వదు. ఎండిన గుట్టల వాలు మీద గట్టి వెదురు. సన్నగా ఉంటుంది, లోపల రంధ్రం ఉందో లేదో అన్నట్టుంటుంది. చేతికర్రకు, గొడ్డలి కామకు, నిచ్చెన మెట్లకు అదే కావాలి.

పోస్టాఫీసు వెనక వీధిలో మేదర వాళ్లు ఉండేవారు. అందులో ఒక అవ్వ దగ్గర నా సాయంత్రాలన్నీ గడిచేవి. అవ్వ వెదురును ఎన్నుకునే తీరు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు గోటితో కణుపు కింద గీరుతుంది. తెల్లటి పొడి రాలితే పక్కన పెట్టేస్తుంది. అది ఆ ఏడు మొలిచిన వెదురు, దాని ఒంటి మీద ఆ పొడి ఇంకా పోలేదని అర్థం. "దీంట్లో నీళ్లే గానీ నార లేదు పాపా, చేట అల్లితే ఆరు నెలలకే పురుగు తింటుంది" అనేది. తర్వాత కత్తి వెనక భాగంతో కొట్టి చప్పుడు వింటుంది. మూడేళ్ల వెదురు గట్టిగా, పొడిగా మోగుతుంది. నచ్చిన కర్రకు కొసన కత్తి ఆనించి రెండు దెబ్బలు వేసేది. అక్కడి నుంచి కత్తి కదిలేది కాదు, వెదురే కదిలేది. కాలి బొటనవేలితో ఒక సగాన్ని తొక్కిపట్టి రెండో సగాన్ని చేత్తో లాగుతుంటే, ఒక్కో కణుపు దగ్గర టప్పుమని విచ్చుకుంటూ కర్ర మొత్తం రెండుగా చీలేది. మళ్లీ నాలుగు, మళ్లీ ఎనిమిది. చివరికి ఆకుపచ్చ పైపొర వేరుగా, లోపలి తెల్లపొర వేరుగా తీసేది. పైపొర బద్దలు బరువు మోసే గంపలకు, లోపలివి చేటల నింపుడుకు. అల్లే ముందు వాటిని వంకలో రాళ్ల కింద నానబెట్టేది. ఎందుకంటే, పురుగుకు ఇష్టమైనదేదో నీళ్లలో పోతుంది అనేది. వెదురులోని పిండిపదార్థం కోసమే తొలిచే పురుగు వస్తుందని, నానబెడితే అది తగ్గిపోతుందని కాలేజీలో చదువుకున్నప్పుడు తెలిసింది.

అదే వెదురు, అదే నార. అవ్వ దాన్ని బద్దగా చీల్చి ఆగేది. మామ పనిచేసే చోట చీల్చడం ఆగేది కాదు, కంటికి కనిపించని పోగు దాకా పోయేది.

ఒక వేసవిలో మామ సెలవు మీద వచ్చినప్పుడు, నాయన చదివి పక్కన పెట్టిన పేపరును అడ్డంగా చింపి చూపించాడు. చిరిగిన అంచున చాలా పొట్టి నూగు. తర్వాత తన జేబులోని మిల్లు కాగితాన్ని చింపాడు. ఇక్కడ నూగు పొడవుగా, పీచుపీచుగా నిలబడింది. "ఆ పోగు పొడవే మా బతుకు పాపా" అన్నాడు. వెదురు పోగు సగటున రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. నీలగిరి చెట్టు పోగు అందులో సగం. దేవదారు జాతి చెట్లది మూడు మిల్లీమీటర్ల దాకా పోతుంది కానీ, అవి మన ఎండలకు పెరగవు. పోగు పొడవుగా ఉంటే కాగితం చిరగదు. చలిదేశాల వాళ్లకు దేవదారు ఏం చేసిపెడుతుందో, మనకు వెదురు అది చేసిపెట్టింది. పైగా చెట్టు ఒకసారి కొడితే పోతుంది. వెదురు గడ్డిజాతి. వానలకు మొలక లేచిందంటే రెండు మూడు నెలల్లో దాని పూర్తి ఎత్తు పెరిగిపోతుంది, ఆ తర్వాత గట్టిపడడమే గానీ ఎదగదు. పొద నుంచి పద్ధతిగా కొట్టుకుంటూ పోతే ఏటేటా కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి.

ఈ సంగతి ఇంగ్లండులో కాగితం తయారుచేసే థామస్ రూట్‌లెడ్జ్ అనే ఆయన 1875లోనే చెప్పాడు. గుడ్డపీలికలు, గడ్డి చాలక అక్కడి మిల్లులు అల్లాడుతున్న రోజులవి. చైనాలో అయితే వందల ఏళ్ల ముందు నుంచే లేత వెదురును గుంటల్లో నెలల తరబడి నానబెట్టి, సున్నంతో ఉడికించి, దంచి కాగితం తీసేవారు. మిల్లుకు అంత ఓపిక ఉండదు. పైగా వెదురు కణుపు ఉడకదు, మిగతాదంతా మెత్తబడినా అది రాయిలా మిగిలిపోతుంది. ఆ చిక్కు విప్పడానికి డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో విలియం రైట్ అనే నిపుణుడు ఏళ్ల తరబడి పనిచేశాడు. 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణగా ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. విదేశీ కాగితం మీద సుంకం వేసి, ఇక్కడి వెదురు గుజ్జును నిలబెట్టారు. ఇవన్నీ మామ ఉత్తరాల్లో ముక్కలు ముక్కలుగా చదివాను. ఆయన తన ఉద్యోగం గురించి రాస్తున్నాననుకున్నాడు. నాకు అదే మొదటి చరిత్ర పాఠం.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో అమ్మ నన్ను రాజమండ్రి తీసుకెళ్లింది. మిల్లు చూపించమని మామ ప్రాణం తీశాను. 1920ల్లో కర్నాటిక్ పేరుతో మొదలై, 1964లో ఆంధ్రా పేపర్ మిల్స్ అయిన మిల్లు అది. గేటు దగ్గరికి రాకముందే వాసన వచ్చింది. కుళ్లిన క్యాబేజీకి దగ్గరగా ఉండే వాసన. గుజ్జు ఉడికించే మందులో గంధకం ఉంటుంది, దానిదే అది. మామ బట్టల్లో ఎప్పుడూ ఉండే ఆ వాసన ఎక్కడిదో అప్పుడు తెలిసింది. లోపల మొదట చూసింది వెదురు మైదానం. మా ఊళ్లో కట్ట అంటే మనిషి భుజాన పట్టేంత. అక్కడ వెదురు మేడల ఎత్తున పేర్చి ఉంది, వాటి మధ్య లారీలు తిరిగే బాటలు. ఆ వరసల్లో నా కళ్లు మా గుట్టల వెదురు కోసం వెతికాయి. మామ నవ్వి, ఇది పాపికొండల వైపుది, ఏజెన్సీది అన్నాడు. పాతరోజుల్లో తెప్పలుగా కట్టి గోదావరి మీద వదిలితే ప్రవాహమే రాజమండ్రికి తెచ్చేదట. ఎండాకాలమంతా కూపుల్లో, అంటే నరకడానికి కేటాయించిన అడవి ముక్కల్లో, కొట్టి కుప్పవేసి ఉంచుకుంటారు, వానాకాలం నాలుగు నెలలూ మిల్లు ఆ కుప్పల మీదే నడుస్తుంది అని చెప్పాడు.

చిప్పర్ దగ్గర ఎక్కువసేపు నిలబడనివ్వలేదు. కర్రలు ఒక వైపు నుంచి పోతుంటే, మరో వైపు నుంచి వేలెడు పొడవు కూడా లేని ముక్కలు ఎగిరి పడుతున్నాయి. ఆ చప్పుడుకు మామ నోరు కదులుతోందే గానీ మాట వినపడలేదు. ఆయన వంగి గుప్పెడు ముక్కలు తీసి నా చేతిలో పోశాడు. పచ్చివాసన, మేదర వీధి వాసన. ఆ ముక్కల్ని పెద్ద పెద్ద ఇనుప పాత్రల్లోకి నింపి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణం పోసి, మూత బిగించి ఆవిరితో గంటల తరబడి వండుతారు. 160, 170 డిగ్రీల వేడి. పోగుల్ని ఒకదానికొకటి అతికించి ఉంచే లిగ్నిన్ ఆ వేడికి కరిగి బయటికి వస్తుంది, నార మిగులుతుంది. లోపలి నుంచి బయటికి తోసినప్పుడు అది గోధుమరంగులో, నానిన అటుకులలాగా ఉంది. ముద్ద వేడిగా ఉంది. పిడికిలి బిగిస్తే వేళ్ల సందుల్లోంచి నల్లటి నీళ్లు కారాయి. "కడుక్కో, కడుక్కో" అని మామ నా చెయ్యి పట్టి కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు.

ఆ నల్లనీళ్లే మిల్లుకు సగం ఆస్తి అని తర్వాత వివరించాడు. చిక్కబెట్టి బాయిలర్లో మండిస్తే అందులోని లిగ్నిన్ కట్టెలాగా మండి ఆవిరి ఇస్తుంది, అడుగున సోడా తిరిగి దక్కుతుంది. వెదురుతో వచ్చిన ఇబ్బందల్లా సిలికాది. గడ్డిజాతి కదా, ఒంట్లో ఇసుక దాచుకుంటుంది. గొట్టాల్లో రాయిలా పేరుకుంటుంది. మామ ఉద్యోగంలో సగకాలం ఆ పెచ్చులు గీకించడానికే సరిపోయింది. ఎండిన వెదురు రెండు టన్నులకు పైగా పోస్తే గానీ టన్ను గుజ్జు రాదు. మిగిలినదంతా ఆ నల్లనీళ్లలోకే పోతుంది.

చివరి హాలులో కాగితం పుట్టడం చూశాను. నూటికి ఒక్క వంతు కూడా నార లేని పాలనీళ్లు జాలీ మీదికి వస్తాయి. నీళ్లు కిందికి జారిపోతాయి. ఇంకొంచెం ముందుకు పోతే తెల్లటి తడి పొర. వేడి రోలర్ల మీదుగా అవతలికి పోయేసరికి కాగితం. ఆ చివర నిలబడ్డ పనివాడు అంచు తుంచి ఇచ్చాడు. ఇంకా వెచ్చగా ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను, వాళ్ల పరీక్ష పేపర్లు దిద్దాను. జవాబు పత్రాల కట్ట విప్పినప్పుడల్లా అట్టడుగు కాగితం అంచు చింపి నూగు చూడడం అలవాటు. ఏ ఏడాది నుంచి పోగు పొట్టిదైపోయిందో ఆ అంచులే చెప్పాయి.

ఊరికి తిరిగొచ్చి అవ్వకు అంతా చెప్పాను. మిల్లులో ఉన్న వెదురు కుప్పలు మన బడి కంటే ఎత్తు అని చెప్పగానే ఆమె చేస్తున్న పని ఆపింది. "అంత కొట్టేటప్పుడు ముళ్లు ఏం చేస్తారు?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. పొద మొదట్లో ముళ్లుంటాయి కదా, వాటిని నరికేసి లోపలికి పోతారా, లేక పైపైన కొడతారా అని. మామ మాటల్లో విన్నది గుర్తుచేసుకుని, కూలీలకు వీలుగా శుభ్రం చేయిస్తారట అన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. ముళ్లు తీసేస్తే పొద నిలవదు, లేత మొలక మీద అందరికీ కన్నే అంది. మేకకు కావాలి, ఆవుకు కావాలి, ఏదుపందికి కావాలి, కోతికి కావాలి. ముళ్లున్నంతవరకే పొదకు పిల్లలు దక్కుతాయని ఆమె లెక్క. తను పొదలో కొట్టేటప్పుడు ఒక పక్క మాత్రమే దారి చేసుకుని, పని అయ్యాక ఆ ముళ్లకంపనే అడ్డం వేసి వచ్చేది. జానెడు ఎత్తు వదిలి, కణుపు మీదుగా కొట్టేది, మోడులో వాననీళ్లు నిలిచి కుళ్లకుండా. ఆ ఏటి మొలకల జోలికి పోయేది కాదు, వాటికి ఆనుడుగా కొన్ని ముదురు కర్రల్ని కూడా వదిలేసేది.

చాలా ఏళ్ల తర్వాత, పెళ్లై తిరుపతిలో స్థిరపడ్డాక, పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ కర్ణాటకలో వెదురు మీద చేసిన పరిశీలన గురించి చదివాను. 1970ల్లో అక్కడి మేదర్లు తమకు వెదురు దొరకడం లేదని గొడవ చేస్తే, ప్రభుత్వం ఆయనను సంగతి తేల్చమంది. కాగితపు మిల్లుకు అడవి వెదురు టన్ను రూపాయిన్నరకు కట్టబెట్టారు. బుట్టలల్లేవాళ్లు కొనే బజారు ధర టన్నుకు వేల రూపాయల్లో ఉంది. అంతకంటే నన్ను కుదిపేసినది మరొకటి. పొదల మొదళ్ల దగ్గర ముళ్లు తీసి శుభ్రం చేస్తే వెదురు బాగా పెరుగుతుందని అధికారుల నమ్మకం. అది కాదు, ముళ్లు పోతే మొలకల్ని పశువులు తినేస్తాయని ఊళ్లవాళ్లు అన్నారు. గాడ్గిల్ పొదల్ని లెక్కపెట్టి చూస్తే ఊళ్లవాళ్ల మాటే నిజమని తేలింది. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. భాకరాపేటలో అక్షరం ముక్క రాని అవ్వ, బుట్ట అల్లుతూ నాకు చెప్పింది ఇదే. అప్పటికి ఆమె లేదు.

మామకు ఉత్తరం రాశాను. ఆయన రిటైరయ్యే దశలో ఉన్నాడు. దాచకుండా జవాబిచ్చాడు. మిల్లు ఆకలికి అడవి సరిపోదని మాకు ముందే తెలుసు, వెదురు దూరం పెరుగుతూ పోయింది, మైదానంలో కుప్పలు తగ్గుతూ వచ్చాయి, ఆ చోటులో ఇప్పుడు సుబాబుల్ కర్రలు, సరుగుడు, జామాయిల్ పేరుస్తున్నారు అని రాశాడు. 1988 అటవీ విధానం కూడా మిల్లులు సహజ అడవి మీద ఆధారపడకూడదు, రైతుల దగ్గర కొనుక్కోవాలి అంది. ఆ మార్పు మంచిదే. పొలాల్లో పెరిగిన కర్రతో కాగితం తీస్తే ఎవరి నోటి దగ్గరి కూడూ పోదు. అదే తెలివి ముప్పై ఏళ్లు ముందొస్తే ఎన్ని పొదలు మిగిలేవో అన్న బాధ మాత్రం నాకు పోలేదు. మామను గానీ, వెచ్చటి కాగితం తుంచి ఇచ్చిన ఆ పనివాణ్ణి గానీ తప్పుపట్టలేను. నేను రాసుకున్న ప్రతి నోటుబుక్కులో వాళ్ల చెమట ఉంది. వెల కట్టినవాళ్లు వేరే.

వెదురు పూయడం నేను చూశాను. ఊరికి పడమర గుట్ట వాలు మీద, ఒక చోటి పొదలన్నీ ఆకు రాల్చి, కొసల నిండా గోధుమరంగు గుత్తులు వేశాయి. వెదురు జీవితంలో ఒక్కసారే పూస్తుంది, జాతిని బట్టి పాతికేళ్లకో, నలభై ఏళ్లకో. గింజ రాల్చాక పొద మొత్తం ఎండిపోతుంది. అవ్వ, ఆమె కోడళ్లు పొదల కింద నేల ఊడ్చి, రాలిన వెదురు బియ్యం చెరిగి తెచ్చారు. మా ఇంటికి ఒక చేటెడు పంపించారు. ఎర్రగా, వడ్లగింజ కంటే సన్నగా ఉంది. అమ్మ గంజి కాచింది. కొంచెం వగరు, నమిలేకొద్దీ తీపి. అవ్వ తన చిన్నతనంలో కరువుకు ఇదే తిని బతికామని చెప్పింది. పూత తర్వాత రెండేళ్లు మేదర వీధిలో పని సరిగా లేదు. మగవాళ్లు మామిడి మండీలో మూటలు మోయడానికి పోయారు. గింజ మొలిచి మళ్లీ కొట్టుకునే వెదురు కావాలంటే ఎనిమిది, పదేళ్లు ఆగాలి.

1989లో శేషాచలం కొండల్లో కొంత భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అయింది. వెదురు కొట్టడం ఆగింది. మిల్లుకే కాదు, మేదర వాళ్లకు కూడా. అడవి దక్కాలంటే ఆ కట్టడి కావాలి. కానీ ముళ్లకంప తిరిగి అడ్డం వేసి వచ్చే మనిషికీ, లారీలకు ఎత్తించే మనిషికీ ఒకే తలుపు మూసేయడం నాకు న్యాయమనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. 1927 అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్ల లెక్కలోనే ఉంచింది. సొంత పొలంలో పెంచినా కొట్టి అమ్మాలంటే అనుమతుల కోసం తిరగాల్సి వచ్చేది. 2017లో ఆ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు.

ఆ సవరణ తర్వాత అవ్వ మనవడు చిన్నగొట్టిగల్లు వైపు తనకున్న కొద్దిపాటి పొలం గట్ల మీద గట్టి వెదురు నాటాడు. నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. ఈ మధ్య తిరుపతి వచ్చినప్పుడు ఇంటికి వచ్చాడు. మొదటి కోత అయిందట. మొలక లేచినప్పటి నుంచి రెండేళ్లు గట్టు పొడవునా ముళ్లకంప వేసి మేకల్ని ఆపాడట. ఎవరు చెప్పారు అని అడగలేదు. బజారులో ఇప్పుడు వెదురు గుజ్జుతో చేసిన టిష్యూ పేపర్లు కూడా అమ్ముతున్నారు, చెట్టు కొట్టకుండా చేసినవని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. వాటి సంగతి చెప్పి, కాగితం వాళ్లకు అమ్ముతావా అని అడిగాను.

"వాళ్లు టన్ను లెక్కన తీసుకుంటారు టీచరమ్మా. నిచ్చెనలవాళ్లు కర్ర లెక్కన ఇస్తారు. వంకర పోయినవి, కొసలు ఎలాగూ మిగులుతాయి, అవి కావాలంటే కాగితానికి ఇస్తాను" అన్నాడు.